బొమ్మల కుండల చదువు కూడు పెడుతుందా?

ప్రశ్న: మా అమ్మాయి బీఏ హిస్టరీ రెండో సంవత్సరం. దక్షిణ ఇటలీలో దొరికిన పాతకాలపు గ్రీకు బొమ్మల కుండల మీద పరిశోధన చేస్తానంటోంది. అప్పు చేసైనా ఇటలీ పంపమంటారా?
- ఓ తండ్రి, తెనాలి

జవాబు: అప్పు ఇప్పుడే వద్దండి. అలాగని అమ్మాయిని నిరుత్సాహపరచనూ వద్దు.

క్రీ.పూ. 5వ శతాబ్దం చివరి సగంలో మెటపోంటో, టారంటో వంటి గ్రీకు వలస ఊళ్లలో ఈ కుండల తయారీ మొదలైంది. నల్లని నేపథ్యం మీద ఎర్రటి బొమ్మలు. నాటకాల్లోని హాస్యఘట్టాలు కూడా గీశారు. అక్కడి పేస్టమ్ ఊరి చిత్రకారులు అస్టెయాస్, పైథాన్ తప్ప సంతకం పెట్టినవాళ్లు దాదాపు లేరు. గీత తీరును బట్టి ఏది ఎవరి పనో తేల్చి, వేలాది కుండలను ట్రెండాల్ అనే పండితుడు ఎప్పుడో వర్గీకరించేశాడు. కాబట్టి బొమ్మలు బాగున్నాయన్న ముచ్చట ఒక్కటే అయితే పరిశోధనకు చాలదు.

పని మిగిలింది వేరేచోట. వీటిలో చాలా కుండలు దొంగతవ్వకాల్లో బయటపడ్డవే. ఏ సమాధిలో, దేని పక్కన ఉండేవో తెలియదు. అస్టెయాస్ సంతకమున్న ఓ పెద్ద కుండను అమెరికాలోని గెట్టీ మ్యూజియం 2005లో ఇటలీకి తిరిగిచ్చేసింది. వస్తువు ఎక్కడిది, ఎవరెవరి చేతులు మారిందని ఆరా తీయడం, మట్టి పరీక్షలు, పాత వస్తువులు పాడవకుండా కాపాడే కన్జర్వేషన్ - ఈ మూడింట్లో ఏది ఇష్టమో ఆమెనే అడగండి.

మట్టి సంగతి నాకు మహా ఇష్టం. నల్లరంగంటూ వేరే ఏదీ ఉండదు. మెత్తటి బంకమట్టి నీళ్లు పూసి, ఆవంలో గాలి ఆడకుండా మూస్తే కుండంతా నల్లబడుతుంది. మళ్లీ గాలి వదిలితే పూత లేనిచోట ఎర్రబడుతుంది, పూత మాత్రం గాజులా బిగుసుకుని నల్లగానే ఉండిపోతుంది. మన తెలుగునేల మీది రాకాసి గుళ్లలోనూ (పాతకాలపు పెద్ద రాతి సమాధులు) నలుపు ఎరుపు కుండలు దొరుకుతాయి, పద్ధతి వేరు. ముందు వాటి మీద సాధన చేయవచ్చు.

ముందు ఎంఏ ఆర్కియాలజీ ఇక్కడే చేయించండి, పుణె డెక్కన్ కాలేజీ మంచిది. తవ్వకం, కుండపెంకుల డ్రాయింగ్ వస్తే ఈ కుండలు కుదరకపోయినా మన పురావస్తు శాఖల్లో, మ్యూజియాల్లో ప్రయత్నించవచ్చు. ఉద్యోగాలు తక్కువే, దాచడమెందుకు. ఈలోగా ఇటాలియన్, ప్రాచీన గ్రీకు మొదలుపెట్టాలి.

ఇటలీ ప్రభుత్వ యూనివర్సిటీల్లో ఫీజు సాధారణంగా కుటుంబ ఆదాయాన్ని బట్టి ఉంటుంది, ప్రాంతీయ స్కాలర్‌షిప్పులూ ఉన్నాయి. ఆదాయ పత్రాలు, వాటి అనువాదాలు ముందే సిద్ధం చేసుకోండి. చాలామందికి ఆలస్యమయ్యేది అక్కడే.