ఇన్వర్టర్ జనరేటర్: మీ ప్రశ్నలు, మా జవాబులు

ప్రశ్న: జనరేటర్ డబ్బా మీద 2000 వాట్లు అని ఉంది. 1200 వాట్ల కెటిల్ నడుస్తుండగా 150 వాట్ల ఫ్రిజ్ ఆన్ అయితే చాలు, ఎర్ర లైటు వెలిగి కరెంటు పోతోంది. లోపం దేనిది?

జవాబు: దేనిదీ కాదు. పెద్దక్షరాల్లో వేసేది గరిష్ఠ సామర్థ్యం, అది కాసేపటి మాటే. గంటల తరబడి ఇవ్వగలిగేది చిన్నక్షరాల్లో ఉండే రేటెడ్ అంకె. ఈ సైజు వాటిలో అది సాధారణంగా 1600. ఫ్రిజ్ కంప్రెసర్ కదిలే క్షణంలో మామూలు కంటే అయిదారు రెట్లు లాగగలదు. 150 కాస్తా 900 అయితే, కెటిల్‌తో కలిపి 2100. జనరేటర్ లోపలి ఇన్వర్టర్, అంటే బయటికొచ్చే కరెంటును సరిచేసే ఎలక్ట్రానిక్ భాగం, తనను తాను కాపాడుకోవడానికి కరెంటు కోసేస్తుంది. కెటిల్ పెట్టే కాసేపూ ఫ్రిజ్ ప్లగ్ తీసేయండి, చల్లదనం ఎక్కడికీ పోదు. తీసిన ప్లగ్ మాత్రం అయిదు నిమిషాలు ఆగి పెట్టండి. లోపల గ్యాస్ ఒత్తిడి దిగకముందే పెడితే కంప్రెసర్ కదలలేక ఇంకా ఎక్కువ లాగుతుంది. మోటారు ఉన్నదేదైనా స్టార్ట్ చేసే ముందు ఎకో స్విచ్ (వాడకం తక్కువున్నప్పుడు ఇంజిన్ వేగం తగ్గించేది) ఆపాలి. నెమ్మదిగా తిరుగుతున్న ఇంజిన్ ఆ కుదుపుకు వెంటనే అందుకోలేదు.

ప్రశ్న: నాలుగు నెలలు వాడలేదు. ఇప్పుడు చోక్ వేస్తేనే నడుస్తోంది. చోక్ తీయగానే శబ్దం పెరుగుతూ తగ్గుతూ ఊగుతోంది.

జవాబు: జబ్బు పేరు మీ ప్రశ్నలోనే ఉంది. చోక్ గాలిని తగ్గిస్తుంది. గాలి తగ్గితే ఇంజిన్ కుదుటపడుతోందంటే పెట్రోల్ చాలడం లేదన్నమాట. నిలవ పెట్రోల్ ఆవిరైపోగా మిగిలిన జిగురు కార్బురేటర్ జెట్‌లో, అంటే పెట్రోల్ వెళ్లే సన్నటి రంధ్రమున్న చిన్న ముక్కలో, పేరుకుంటుంది. ఆ రంధ్రం సుమారు అర మిల్లీమీటరు, అంతే.

ముందు ట్యాంకులోని పాత పెట్రోల్ తీసేయండి. ఇంజిన్ చల్లారాక, కార్బురేటర్ అడుగు గిన్నెకున్న డ్రెయిన్ స్క్రూ వదులు చేసి, కారినదాన్ని గాజు సీసాలో పట్టి చూడండి. అడుగున పూసల్లా విడిగా నిలిచింది నీళ్లు. ఎథనాల్ కలిసిన పెట్రోల్ తేమను పీలుస్తుంది. కొత్త పెట్రోల్ పోసి నడిపినా ఊగుతుంటే గిన్నె విప్పి, జెట్ తీసి, కార్బురేటర్ క్లీనర్ కొట్టి, వెలుతురుకు పట్టి చూడండి. రంధ్రం గుండ్రంగా, నిండుగా కనిపించాలి. మూసుకుని ఉంటే కరెంటు వైరులోని సన్నటి రాగి పోగు దూర్చవచ్చు. సూది వద్దు, రంధ్రం పెద్దదైతే ఆ జెట్ ఇక పనికిరాదు.

ఇకముందు నెలకు మించి పక్కన పెట్టేటట్టయితే పెట్రోల్ కాక్ (ట్యాంకు నుంచి పెట్రోల్ వదిలే కొళాయి) కట్టేసి, ఇంజిన్ దానంతటదే ఆగేదాకా నడపండి.

ప్రశ్న: దాని కరెంటును గోడ సాకెట్‌లోకి ఇస్తే ఇల్లంతా వస్తుందట కదా? బాల్కనీలో పెట్టుకోవచ్చా?

జవాబు: రెండూ వద్దు. అలా ఇచ్చిన కరెంటు బయటి లైన్లోకి వెళ్లి ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర వేల వోల్టులవుతుంది. లైను మీద పనిచేసేవాడు చచ్చిపోతాడు. ఎలక్ట్రీషియన్‌తో ఛేంజోవర్ స్విచ్ పెట్టించుకోండి, అది ఇంటిని ఒకసారికి బయటి లైనుకో జనరేటర్‌కో ఒకదానికే కలుపుతుంది. పొగలోని కార్బన్ మోనాక్సైడ్‌కు వాసన ఉండదు. కిటికీలకు కనీసం 6 మీటర్ల దూరంలో, సైలెన్సర్ ఇంటికి ఎదురుగా లేకుండా ఆరుబయట పెట్టాలి.

ప్రశ్న: సెకండ్‌హ్యాండ్‌ది కొనేముందు ఏం చూడాలి?

జవాబు: అందరూ ఇంజిన్ శబ్దం వింటారు. చూడాల్సింది కరెంటు. ఇంజిన్ ఏ మెకానిక్ అయినా బాగుచేస్తాడు. ఇన్వర్టర్ మాడ్యూల్ చాలావాటిలో రెజిన్ పోసి మూసేసిన దిమ్మ, పోతే మొత్తం మార్చాల్సిందే.

వెళ్లగానే సైలెన్సర్ దగ్గర చెయ్యి పెట్టి చూడండి. వేడిగా ఉంటే ముందే స్టార్ట్ చేసి ఉంచారు, చల్లటి ఇంజిన్ స్టార్ట్ అవడంలో ఇబ్బంది ఉన్నా కనబడదు, చల్లారేదాకా ఆగండి. ఆయిల్ కొలపుల్ల చూడండి: తారులా నల్లగా ఉంటే ఆయిల్ మార్చడం మరిచిపోయారని అర్థం. కొత్త ఇంజిన్‌కు మొదటి ఆయిల్ 20 గంటలకు, తర్వాత 100 గంటలకోసారి మార్చడం సాధారణ పద్ధతి. వేడెక్కాక కూడా నీలం పొగ వస్తుంటే ఆయిల్ మండుతోంది.

అప్పుడు ఎకో ఆపి, 1000 వాట్ల హీటర్ తగిలించి ఇరవై నిమిషాలు నడపండి. ఇస్త్రీపెట్టె వద్దు, దాని థర్మోస్టాట్ మధ్యమధ్య ఆపేస్తుంటుంది. మల్టీమీటర్‌లో 230 వోల్టుల దగ్గర అంకె నిలకడగా ఉండాలి. హీటర్ ఠక్కున తీసి, మళ్లీ పెట్టండి. ఇంజిన్ ఒకసారి దిగి లేవడం మామూలే. వోల్టేజీ దిగి అక్కడే ఉండిపోతేనో, వేడెక్కాక ఎర్ర లైటు వెలిగితేనో బేరం మానుకోండి.