గాలి పడవ, పదకొండు వందల పౌండ్లు

ప్రశ్న: మేము ఇంగ్లండులోని సౌతాంప్టన్‌లో అద్దె ఫ్లాట్‌లో ఉంటున్నాం. మావారిది స్కిల్డ్ వర్కర్ వీసా. నేనూ ఇద్దరు పిల్లలూ డిపెండెంట్లం. నాకు 34 ఏళ్లు. ఇంటి డిపాజిట్ కోసమని దాచింది 14,000 పౌండ్లు ఉంది. నెలకు మరో 350 మిగులుతుంది. మావారు గోదావరి ఒడ్డున పెరిగారు, పడవలంటే ప్రాణం. లిమింగ్టన్‌లో ఒకాయన పాత టింకర్ ట్రాంప్ అమ్ముతున్నారు. గాలి నింపుకునే తెరచాప పడవ, మడిచి సంచుల్లో పెట్టేయవచ్చు. 1,100 అడుగుతున్నారు. సెప్టెంబరు ముగుస్తోంది కాబట్టి ఇది చవకే అని, మే నెలలో 1,500కు పోతుందని, ఏడాదికి మూడు ఇలా కొని అమ్మితే 1,200 లాభమని మావారి లెక్క. కాకినాడలో ఆయన పేరిట ఒక ఫ్లాటు ఉంది. ఆదివారంలోగా చెప్పాలట. ఏం చేయమంటారు?

జవాబు: అమ్మా, మీ ఉత్తరంలో రెండు పడవలు ఉన్నాయి. ఒకటి మీవారు ఎక్కాలనుకుంటున్నది, రెండోది అమ్మాలనుకుంటున్నది. రెంటినీ కలిపి లెక్కేయడం వల్లే ఆయనకు లాభం కనిపిస్తోంది. విడదీసి చూద్దాం.

వ్యాపారం సంగతి ముందు. మూడింటి మీద తలా 400 చొప్పున 1,200 అన్నారు. ఇందులో లిమింగ్టన్‌కో పూల్ అనే రేవు ఊరికో వెళ్లి చూసి రావడానికి పెట్రోలు లేదు, జిగురు లేదు, వాల్వు లేదు, ప్రకటన ఖర్చు లేదు. పడవకు 150 వేసుకోండి, మూడింటికి 450. పాత గాలి పడవల్లో మూడింటికి ఒకటైనా మోసం చేయకపోతే అదృష్టమే. ఆ ఒక్కటి 500కు వదిలించుకోవలసి వచ్చిందనుకుందాం. మంచివి రెండూ 800 తెస్తాయి, చెడ్డది 600 తినేస్తుంది, మిగిలిన 200 లోంచి ఖర్చుల 450 తీస్తే 250 పౌండ్ల నష్టం. శీతాకాలమంతా మూడు తడి సంచులు మీ హాల్లో సోఫా వెనక ఉండటానికి అద్దె వేయలేదు నేను.

ఇక చట్టం. మీవారి వీసా స్పాన్సర్ చేసిన ఉద్యోగం కోసం ఇచ్చింది. దానికి అదనంగా చేసే పనికి షరతులు ఉన్నాయి, వాటిలో ఇలా కొని అమ్మే వ్యాపారం ఇమడదు. వాడుకున్న పడవను అమ్ముకోవడం వ్యాపారం కిందికి రాదు. అమ్మడం కోసమే వరసగా కొనడం మాత్రం వ్యాపారమే, సెలవు రోజుల్లో చేసినా సరదాకు చేసినా. నాలుగు వందల పౌండ్ల కోసం వీసాను పందెం కాసే మనిషి కాదు మీవారు, ఆ కోణంలో ఆలోచించి ఉండరు, అంతే. డిపెండెంట్‌గా మీకు స్వయం ఉపాధికి అభ్యంతరం లేదు. అయితే పేరు మీది, పని ఆయనది అనే ఏర్పాటు చేయకండి. మీకే ఆసక్తి ఉండి మీరే చేస్తే అది వేరే కథ.

అలా మీరే చేసినా పన్ను గుర్తుంచుకోండి. ఏడాదికి 1,000 పౌండ్ల దాకా పన్ను గొడవ లేని ట్రేడింగ్ అలవెన్సు ఉంది కదా అని చాలామంది నిశ్చింతగా ఉంటారు. అది లాభం మీద లెక్కించేది కాదు, మొత్తం రాబడి మీద. 1,500 చొప్పున మూడు అమ్మితే రాబడి 4,500. పన్ను ఏడాది ఏప్రిల్ 5న ముగుస్తుంది, ఆ తర్వాత వచ్చే అక్టోబరు 5లోగా, మన పన్ను లెక్క మనమే దాఖలు చేసే సెల్ఫ్ అసెస్‌మెంట్‌కు నమోదు చేసుకోవాలి. ఆన్‌లైన్ అమ్మకాల వేదికలు కూడా 2024 నుంచి జరిగిన అమ్మకాల విషయంలో, ఏడాదిలో 30 అమ్మకాలు చేసినవారి వివరాలూ, 2,000 యూరోలు దాటినవారి వివరాలూ పన్ను శాఖకు పంపుతున్నాయి. సొంతానికి వాడుకున్న ఒక్క పడవ అమ్మితే ఈ గొడవేదీ లేదు. అరిగిపోయే వస్తువు, పైగా 6,000 పౌండ్ల లోపుది, కాబట్టి క్యాపిటల్ గెయిన్స్ పన్ను రాదు. నష్టం వచ్చినా ఎక్కడా చూపించుకోలేరు.

వ్యాపారాన్ని ఇక్కడితో వదిలేద్దాం. ఎక్కే పడవ సంగతి చూద్దాం, నాకూ అదే ఇష్టం.

టింకర్ ట్రాంప్ గురించి మీవారి మోజును తప్పు పట్టలేను. సోమర్‌సెట్‌లోని వింకాంటన్‌లో హెన్‌షా అనే సంస్థ చేసిన పడవ ఇది. పొడవు దాదాపు 9 అడుగులు. మడిస్తే కారు డిక్కీలో పడుతుంది, విప్పి గాలి నింపితే చుక్కానీ, తెరచాపా అన్నీ ఉన్న అసలైన పడవ. పెద్ద పడవల వాళ్లు దీన్ని ప్రాణరక్షణ తెప్పగా కూడా వాడేవారు. పైకప్పూ, కార్బన్ డయాక్సైడ్ సిలిండరూ ఉన్న ఒక కిట్ విడిగా దొరికేది. అమ్మకందారు ఆ కిట్ చూపించి ధర పెంచితే ఒప్పుకోకండి. ఏటేటా సర్వీసు చేయించినట్టు కాగితాలు లేని రక్షణ సామగ్రికి నేను వేసే విలువ సున్నా.

ఇలాంటి పడవ ధరను ఆస్తి విలువగా చూడకూడదు, అద్దె అనుకోవాలి. 1,100కు కొని, మూడు సీజన్లు వాడి 800కు అమ్మారనుకుందాం. అద్దె 300. దానికి నాలుగు లైఫ్ జాకెట్లు 180, ఏడాదికి 70 చొప్పున థర్డ్ పార్టీ బీమా 210, జిగురూ వాల్వులూ 120. నీళ్లలోకి దించిన ప్రతిసారీ రేవు రుసుమూ పార్కింగూ కలిపి ఓ 12. ఏడాదికి పదిసార్లు వెళితే మూడేళ్లలో 360. మొత్తం 1,170, ముప్ఫై షికార్లు, ఒక్కొక్కటి 39 పౌండ్లు. కుటుంబానికి ఒక పూట సరదాకు అది ఏమంత ఎక్కువ కాదు. ఏడాదికి నాలుగుసార్లే వెళితే? మొత్తం 954కు దిగుతుంది, షికారు ఖరీదు మాత్రం దాదాపు 80కి ఎగబాకుతుంది. అందుకే "ధర తగ్గిస్తారా" అని అమ్మకందారును అడగడం కంటే, "వానపడే ఇంగ్లండులో ఏడాదికి ఎన్ని ఆదివారాలు వెళ్తారు" అని మీవారిని అడగడం ముఖ్యం. నిజాయతీగా చెప్పమనండి.

ఇప్పుడు నాకు నిద్ర పట్టనివ్వని విషయం. మీ 14,000ను ఇంటి డిపాజిట్ అన్నారు. ఐఎల్ఆర్, అంటే ఇక్కడ శాశ్వతంగా ఉండే అనుమతి, దాని దరఖాస్తు రుసుము 2025 ఏప్రిల్లో తలకు 3,029 పౌండ్లు చేశారు. పిల్లలకు రాయితీ లేదు. మీరు నలుగురు, ఆ లెక్కన 12,116. నిబంధనలు ఎటు మారినా ఈ రుసుము తగ్గిన జ్ఞాపకం నాకు లేదు. మీ అర్హత తేదీ ఎప్పుడు వచ్చినా ఆ సొమ్ము ముందు పక్కన ఉండాలి. తీసేస్తే మీ చేతిలో మిగిలేది 1,884. అందులో 1,100 పడవకు పోతే 784. కారు చెడిపోయినా, అమలాపురం నుంచో కాకినాడ నుంచో ఫోను వచ్చి రాత్రికి రాత్రి నాలుగు టికెట్లు కొనవలసి వచ్చినా, ఆ 784తో ఏం చేస్తారు? నన్నడిగితే మీకు డిపాజిట్ సొమ్ము ఇంకా మొదలే కాలేదు.

అన్నట్టు, లైఫ్‌టైమ్ ఐఎస్ఏ అనే పొదుపు ఖాతా గురించి మీరు అడగలేదు గానీ చెప్పాలి. 18 నిండి 40 నిండనివారు తెరవవచ్చు, ఏడాదికి 4,000 దాకా వేస్తే ప్రభుత్వం 25 శాతం కలుపుతుంది. ఇంటి కోసం వాడుకోవాలంటే అది మొదటి ఇల్లై ఉండాలి. ఇందులో చిక్కు ఏమిటంటే ప్రపంచంలో ఎక్కడ ఇల్లున్నా మొదటి ఇల్లు కాదు. కాకినాడ ఫ్లాటు వల్ల మీవారికి ఇంటి కోసం ఇది పనికిరాదు. మీ పేరిట ఎక్కడా ఇల్లు లేకపోతే మీరు తెరవవచ్చు, ఆయనతో ఉమ్మడిగా ఇల్లు కొన్నా మీ సొమ్ము వాడుకోవచ్చు. ఇల్లు 4,50,000 పౌండ్ల లోపుదై ఉండాలి. ఆ 1,100 అందులో వేస్తే 275 కలుస్తుంది, కాబట్టి మీ ఇంట్లో ఆ పడవ ఖరీదు 1,375. మధ్యలో వేరే పనికి తీస్తే 25 శాతం కోత పడుతుంది. ఐఎల్ఆర్ సొమ్మును మాత్రం అందులో పెట్టకండి.

అయితే పడవ వద్దా? ఈ 14,000 లోంచి వద్దు. నెలకు మిగిలే 350 లోంచి 90 వేరే ఖాతాలో వేయండి, దానికి పడవ అని పేరు పెట్టండి. వచ్చే సెప్టెంబరు చివరికి 1,080 అవుతుంది. ఈలోగా ఏప్రిల్లో మీవారు ఆర్‌వైఏ అనే బ్రిటన్ పడవల సంఘం గుర్తింపు ఉన్న కేంద్రంలో లెవెల్ 1 శిక్షణ తీసుకోవాలి, మామూలుగా రెండు రోజులు. దాని ఖర్చు ఇందులోంచి తీసినా నాకు సమ్మతమే, పడవ ఒకటి రెండు నెలలు ఆలస్యమవుతుంది అంతే. గోదావరి తెలిసిన మనిషికి ఈ పాఠాలెందుకు అనుకోవచ్చు. సౌతాంప్టన్ దగ్గర పోటు ఒకదాని వెనక ఒకటి రెండుసార్లు వస్తుంది, ఆ నీళ్లలోనే కంటైనరు ఓడలు తిరుగుతాయి. తెరచాప విప్పడం గోదావరి నేర్పి ఉండవచ్చు, ఓడ దారి తప్పుకోవడం ఇక్కడే నేర్చుకోవాలి. రెండు రోజులు చలిలో తడిసినాక కూడా మోజు నిలిస్తే, అది నిజమైన మోజే.

కొనే రోజు వచ్చినప్పుడు ఏం చూడాలో నా చేదు అనుభవం చెబుతాను. చాలా ఏళ్ల కిందట నేనూ పాత గాలి పడవ ఒకటి కొన్నాను, పీవీసీది. అమ్మినాయన గరాజ్‌లో పంపు కొట్టి చూపించారు, ట్యూబు మీద వేలితో కొడితే మద్దెలలా మోగింది. పది నిమిషాల్లో డబ్బిచ్చి తెచ్చుకున్నాను. సాయంత్రం పెరట్లో గాలి నింపి పడుకున్నాను. తెల్లవారి చూస్తే కుడి ట్యూబు కాస్త మెత్తబడింది, అది రాత్రి చలికి గాలి కుంచించుకోవడం, దానికి భయం లేదు. ఎడమది మాత్రం తడి తువాలులా వాలిపోయి ఉంది. గిన్నెల సబ్బు నీళ్లలో కలిపి బ్రష్‌తో పూశాను. వెనక చెక్క అతికిన చోట ఆవగింజంత బుడగలు వరసగా లేచాయి. బొటనవేలు పెట్టి తోస్తే అతుకు అంచు పాత కవరు మీది స్టాంపులా ఊడి వచ్చింది, కింద జిగురు గోధుమరంగు పొడి అయిపోయింది. బాగుచేసే అతను అడిగిన కూలి, నేను పడవకు ఇచ్చిన ధరను మించింది.

కాబట్టి గుడ్డను మెచ్చుకుని అతుకును మరిచిపోకండి. టింకర్ లాంటి పాత మంచి పడవలు హైపలాన్ అనే రబ్బరు పూసిన గుడ్డతో చేసినవి. డ్యూపాంట్ కంపెనీ 2010లో దాని తయారీ ఆపేసింది, అయినా ఆ తరహా గుడ్డనంతటినీ జనం ఇప్పటికీ ఆ పేరుతోనే పిలుస్తారు. ఎండకు పీవీసీ కంటే ఎన్నో ఏళ్లు ఎక్కువ ఆగుతుంది. గుడ్డ ఇరవై ఏళ్లు నిలిచినా జిగురు నిలవాలని లేదు. ఉదయాన్నే గాలి నింపి ఉంచమని అమ్మకందారును ముందే అడగండి, మీరు మధ్యాహ్నం వెళ్లండి. ఒప్పుకోకపోతే మీకు జవాబు దొరికినట్టే. పీవీసీది అయితే అరచేత్తో రుద్దండి, చేతికి జిడ్డులా అంటితే లేచి వచ్చేయండి. తెడ్లు, చుక్కాని, అడుగున దించే పలక, తెరకొయ్య ముక్కలు, తెరచాపలు నేల మీద పరిచి లెక్కపెట్టండి. తెరచాప ఒక్కటి లేకపోయినా కొత్తది కుట్టించడానికి పడవ ధరలో సగం పోతే ఆశ్చర్యపోనక్కర లేదు.

ఫ్రాన్సు సంస్థది టివాల్ లాంటి కొత్త తరహావి పాతవి దొరికినా మీ లెక్కకు అందవు. ఒకవేళ ఎప్పుడైనా చూస్తే, గట్టి గాలి నింపినప్పుడు ఎక్కడైనా బొప్పి కట్టిందేమో చూడండి. లోపల రెండు పొరలనూ పట్టి ఉంచే దారాలు తెగితే అది అతుకుతో పోయేది కాదు.

చూడకుండా అడ్వాన్సు పంపకండి. వ్యక్తి దగ్గర కొన్నదానికి దుకాణంలో కొన్నప్పటి హక్కులు ఉండవు, ప్రధానంగా ప్రకటనలో చెప్పినట్టు ఉండాలన్నంత వరకే. అందుకే ప్రకటన పేజీని ఫోటో తీసి దాచుకోండి. 1998 తర్వాత చేసిన పడవ అయితే వెనక భాగంలో 14 అక్షరాలూ అంకెలూ కలిసిన గుర్తింపు సంఖ్య ఉండాలి, రసీదులో అది రాయించుకోండి. రేపు మీరు అమ్మేటప్పుడు కొనేవాళ్లు అడిగే మొదటి కాగితం అదే. అప్పుడు, "డబ్బు పంపేశాను, కొరియరు అబ్బాయి వస్తాడు" అనే సందేశం వస్తే మీ బ్యాంకు యాప్‌లో సొమ్ము కనిపించేదాకా సంచి ముడి విప్పకండి.

లిమింగ్టన్ ఆయనకు ఆదివారం వరకూ ఆగకుండా ఈరోజే, ఈ ఏడాది కొనడం లేదని మర్యాదగా చెప్పేయండి. ఆ ప్రకటన లింకు మాత్రం మీవారిని దాచుకోమనండి. డిసెంబరులో ధర ఎంతకు దిగిందో, మే నెలలో అలాంటివి ఎంతకు పోతున్నాయో ఒక నోటు పుస్తకంలో రాసుకోమనండి. ఆ రెండు అంకెలూ వచ్చాక నాకు మళ్లీ రాయండి, 1,500 అన్న లెక్క అప్పుడు చూద్దాం.