ఇల్లు అమ్మి ఆర్‌వీలో స్థిరపడదలచిన తెలుగు దంపతులకు

అమెరికాలో పదవీ విరమణ తరువాత ఇల్లు అమ్మి, ఏడాది పొడవునా ఆర్‌వీలోనే, అంటే వంటిల్లు, పడక, స్నానాల గది అమర్చిన ఇంటిబండిలోనే, ఉండాలనుకునే తెలుగువారు నన్ను మొదట అడిగే ప్రశ్న ఏ బండి కొనాలని. ఇంట్లో ఉన్న సామాను ఎవరి కోసం ఉందో ముందు చూసుకోమని నేను వారికి చెబుతాను. ఒహాయోలో ముప్పై ఏళ్లు కాపురం చేసిన నాలుగు పడకగదుల ఇంటిని ఖాళీ చేసి, మేమిద్దరం 30 అడుగుల మోటర్‌హోములోకి, అంటే సొంత ఇంజనున్న ఆర్‌వీలోకి, మారి ఏడేళ్లయింది. ఖాళీ చేయడానికి పదకొండు నెలలు పట్టింది. సామాను ఎక్కువగా ఉండడం వల్ల కొంత ఆలస్యమైతే, అందులో ముప్పాతిక వంతు మా ఇంటికి వచ్చేవాళ్ల కోసం దాచినదేనని అప్పటికి గాని మాకు తెలియకపోవడం వల్ల మిగతా ఆలస్యం జరిగింది.

చుట్టాలు వస్తే పరిచే పరుపులు ఎనిమిది, సత్యనారాయణ వ్రతానికి వచ్చే అరవై మందికి సరిపడే స్టీలు కంచాలు, పులిహోర కలిపే పెద్ద బేసిన్లు, తెనాలి నుంచి తెచ్చుకున్న ఇత్తడి గుండిగ, మా అమ్మ పేరు చెక్కించిన గ్లాసులు, మూడు అట్టపెట్టెల కొలువు బొమ్మలు మా నేలమాళిగలో ఉండేవి. వాటిని వదలడమంటే పండుగ వస్తే అందరూ చేరే ఇల్లు మాదనే స్థానాన్ని వదులుకోవడమే. ఈ మాట పైకి అనడానికి నా భార్యకు నాలుగు నెలలు పట్టింది. నాకు అంతకంటే ఎక్కువే పట్టింది. అందుకని, ఏ వస్తువు మీదా చెయ్యి వేయకముందే భార్యాభర్తలిద్దరూ ఈ సంగతి విడమరచి మాట్లాడుకోవాలి. ఆ స్థానం వదులుకోవడం ఇష్టం లేనివారు ఇల్లు ఉంచుకుని ఏడాదిలో మూడు నాలుగు నెలలు తిరిగి రావడమే మేలు, అందులో తక్కువతనమేమీ లేదు.

ఆ మాట తేలాక ఇచ్చివేయడం సులువైంది. ఎమ్మెస్ చదవడానికి మన పిల్లలు ఎక్కువగా ఆగస్టులో దిగుతారు, వారిలో చాలామందికి మొదటి నెల పడుకోవడానికి పరుపు కూడా ఉండదు. పరుపులు, రైస్ కుక్కర్లు, పెనాలు, బల్లలు వంటివాటిని ఆ సమయానికి సిద్ధంగా ఉంచి, విశ్వవిద్యాలయంలోని భారతీయ విద్యార్థి సంఘం ద్వారా ఇవ్వండి. పెద్ద పాత్రలను గుడి వంటశాలకు ఇవ్వదలిస్తే అక్కడ వండేవారిని ముందుగా అడిగి, వారికి కావలసినవే ఇవ్వాలి. అడగకుండా గుమ్మం ముందు దింపి రావడం వారికి భారం. కొలువు బొమ్మలు ఇద్దరు ఆడపిల్లలున్న ఒక ఇంటికి వెళ్లాయి. పేరున్న గ్లాసులు అన్నదమ్ముల పిల్లలు తలా రెండు తీసుకున్నారు. మేము ఒక చెంబు ఉంచుకున్నాం, రోజూ అందులోనే నీళ్లు తాగుతున్నాం.

ఏది ఉంచుకోవాలో చివరికి నిర్ణయించేది బరువే. మోటర్‌హోము తలుపు దగ్గర, మనుషులతో సహా ఎంత బరువు ఎక్కించవచ్చో చెప్పే చీటీ అంటించి ఉంటుంది. అది 1,500 పౌండ్లనుకుందాం. దంపతులిద్దరి బరువు 320 పౌండ్లు, 40 గాలన్ల మంచినీళ్ల బరువు సుమారు 333 పౌండ్లు తీసివేస్తే మిగిలేది 850 పౌండ్లకు లోపే. వంటసామాను, బట్టలు, పనిముట్లు, మందులు, కుర్చీలు, బియ్యం మూట, పుస్తకాలు అన్నీ అందులోనే ఇమడాలి. బరువు మించితే టైర్లు వేడెక్కి పేలవచ్చు, బ్రేకులు పట్టడానికి ఎక్కువ దూరం కావాలి. సామానంతా సర్దాక ట్రక్కు స్టాపులోని క్యాట్ స్కేలు (లారీలు తూచే కాటా) మీద బండిని తప్పకుండా తూయించండి. మేము తూయించిన రోజున రాతి గ్రైండరు, నాలుగు పెట్టెల పుస్తకాలు దిగిపోయాయి.

పట్టుచీరల విషయంలో ఒక జాగ్రత్త చెప్పాలి. చలికాలంలో ఆర్‌వీ గోడలకు లోపల చెమ్మ పడుతుంది, కాబట్టి బీరువాలో దొంతర పెట్టిన పట్టు పాడవుతుంది. నాలుగు చీరలు ఉంచుకుని తక్కినవి కూతుళ్లకు, కోడళ్లకు ఇప్పుడే, వారు కట్టుకునే వయసులోనే ఇవ్వండి. బంగారం, పౌరసత్వ పత్రం, ఊళ్లోని పొలం కాగితాల అసలు ప్రతులు బ్యాంకు లాకరులో ఉండాలి. బండిలో నకళ్లు చాలు. తేల్చుకోలేని సామానునంతటినీ స్టోరేజీ గది అద్దెకు తీసుకుని అందులో పెట్టడం మాత్రం వద్దు. మేము రెండేళ్లు అద్దె కట్టాం, తలుపు తీసింది మూడుసార్లే.

ఇక వంట. ఆర్‌వీలో వంటింటి నీరు గ్రే టాంకులోకి, మరుగుదొడ్డి నీరు బ్లాక్ టాంకులోకి వెళ్తాయి. మన వంటలోని నెయ్యి, తాలింపు నూనె, చింతపండు పిప్పి, పప్పు మెతుకులు గ్రే టాంకు గోడలకు పట్టుకుని వాసన కొడతాయి. నూనె సెన్సర్లకు అంటుకుంటే ఖాళీగా ఉన్న టాంకు కూడా నిండినట్లు చూపిస్తుంది. గిన్నెలన్నింటినీ ముందు కాగితంతో తుడిచి, ఆ కాగితాన్ని చెత్తలో వేసి, ఆ తరువాతే కడగాలి. బ్లాక్ టాంకు నిండేవరకు దాని కవాటం మూసే ఉంచాలి. పారబోసేటప్పుడు ముందు బ్లాక్, తరువాత గ్రే వదిలితే గ్రే నీళ్లతో గొట్టం దానంతట అదే శుభ్రపడుతుంది. వేపుళ్లు, ఆవాల పోపు బయట చిన్న స్టవ్ మీద పెట్టుకోవడం మేలు, ఎందుకంటే పైకప్పులో ఉండే 14 అంగుళాల చదరపు కిటికీయే పొగకు ముఖ్యమైన దారి.

కరెంటు లెక్క కూడా మొదటి వారంలోనే నేర్చుకోవాలి. 30 ఆంపియర్ల బండికి 120 వోల్టుల వద్ద అందేది 3,600 వాట్లు. ఇండక్షన్ స్టవ్ ఒక్కటే 1,800 వాట్లు లాగుతుంది. ఏసీ నడుస్తుండగా ఆ స్టవ్ మీద సాంబారు పెట్టి పక్కన మిక్సీ వేస్తే బ్రేకరు పడిపోతుంది. ప్రెషర్ కుక్కరు మాత్రం ఎట్టి పరిస్థితిలోనూ వదలకండి. సముద్రమట్టానికి సుమారు 7,000 అడుగుల ఎత్తులో ఉన్న శాంటా ఫే వంటి చోట నీళ్లు 93 డిగ్రీల సెల్సియస్ దగ్గరే మరుగుతాయి కనుక, మామూలు గిన్నెలో కందిపప్పు పలుకు పోవడానికి చాలాసేపు పడుతుంది. స్నానానికి మన బకెట్టు, చెంబు అలవాటు ఇక్కడ ఎంతో ఉపయోగపడుతుంది: చాలా బండ్లలో వేడినీళ్ల టాంకు ఆరు గాలన్లదే, షవరు కింద నిలబడితే రెండో మనిషికి మిగిలేది చన్నీళ్లే.

కాగితాల విషయానికి వస్తే, గ్రీన్‌కార్డు మీద ఉన్నవారికి నా సలహా ఒక్కటే: పౌరసత్వం వచ్చాకే బయలుదేరండి. చిరునామా మారిన 10 రోజుల్లోగా వలస శాఖకు తెలపాలి. పౌరసత్వ దరఖాస్తుకు ముందు కనీసం మూడు నెలలు ఒకే రాష్ట్రంలోనో, ఆ శాఖవారి ఒకే జిల్లా పరిధిలోనో నివసించి ఉండాలి, గడచిన ఐదేళ్ల చిరునామాలన్నీ రాయాలి. తిరుగుతూ ఇవన్నీ నెగ్గుకురావడం కష్టం. పౌరులైనవారు శాశ్వత చిరునామాకు సాధారణంగా టెక్సస్, ఫ్లోరిడా, సౌత్ డకోటా ఎంచుకుంటారు, ఈ మూడింటిలోనూ రాష్ట్ర ఆదాయపు పన్ను లేదు. టెక్సస్‌లోని లివింగ్‌స్టన్ ఊళ్లో ఎస్కేపీస్ అనే ఆర్‌వీ సంఘం సభ్యుల ఉత్తరాలు అందుకుని వారున్న చోటికి పంపే సేవ నడుపుతోంది. బండిని ఇల్లుగా వాడుతున్నామని బీమా సంస్థకు చెప్పి, అందుకు తగిన పాలసీయే తీసుకోవాలి.

ఆరోగ్య బీమా దగ్గర తొందరపడవద్దు. 65 నిండకముందు కొనే పాలసీలు చాలావరకు ఒక రాష్ట్రానికో, ఒక ప్రాంతానికో కట్టుబడి ఉంటాయి. 65 నిండాక వచ్చే ప్రభుత్వ ఆరోగ్య బీమా మెడికేర్. దాని బదులు ప్రైవేటు సంస్థలు నడిపే మెడికేర్ అడ్వాంటేజ్ పథకాలకు కూడా సాధారణంగా ప్రాంతపు హద్దులుంటాయి. ప్రభుత్వమే నేరుగా నడిపే అసలు మెడికేరైతే దాన్ని అంగీకరించే వైద్యుల దగ్గర దేశమంతటా చెల్లుతుంది. దానికి తోడు, అది చెల్లించని ఖర్చుల కోసం మెడిగ్యాప్ పాలసీ కావాలంటే, 65 నిండి పార్ట్ బీ (మెడికేర్‌లో వైద్యుల ఖర్చు భరించే భాగం) మొదలైన ఆరు నెలల్లోపు తీసుకోండి. ఆ గడువులో, ముందే ఉన్న జబ్బులు చూపి నిరాకరించే వీలు బీమా సంస్థలకు లేదు, గడువు దాటితే చాలా రాష్ట్రాల్లో ఆ రక్షణ ఉండదు. నాకు బీపీ ఉండడంతో ఈ ఆరు నెలల విలువ నాకు బాగా తెలుసు. 62 నిండిన పౌరులు, గ్రీన్‌కార్డుదారులు 80 డాలర్లకు జాతీయ పార్కుల జీవితకాలపు సీనియర్ పాస్ కొనుక్కోవచ్చు. ఫెడరల్ క్యాంపుగ్రౌండ్లలో చాలాచోట్ల దానితో సగం అద్దెకే చోటు దొరుకుతుంది.

ఇల్లు మాత్రం వెంటనే అమ్మకండి. ఒక ఏడాది అద్దెకిచ్చి బయలుదేరినా పన్ను మినహాయింపు పోదు: అమ్మే నాటికి గడచిన ఐదేళ్లలో రెండేళ్లు ఆ ఇంట్లో నివసించి ఉంటే, దంపతులకు సాధారణంగా 5 లక్షల డాలర్ల వరకు లాభం మీద పన్ను పడదు. అంతకంటే ముందు ఒక ఆర్‌వీని నెల రోజులు అద్దెకు తీసుకోండి. ఆ నెలలో ఒక పండుగ వచ్చేలా చూసుకోండి, నాలుగు రోజుల వానైనా పడనివ్వండి. ఇద్దరూ చెరొక పుస్తకం పెట్టుకుని, ఆ నెలలో చేతికి తీసుకున్న ప్రతి వస్తువునూ రాసుకోండి. ఇంటికి తిరిగి వచ్చాక ఆ రెండు పట్టికలను పక్కపక్కన పెట్టి చూసుకుని, ఆ తరువాతే అట్టపెట్టెలు తెప్పించుకోండి.