పువ్వుల చదువుతో బతుకు గడుస్తుందా?

ప్రశ్న: మా అమ్మాయి బీఎస్సీ బోటనీ చివరి ఏడాది. పూల మొక్కల్లో సెల్ఫ్ ఇన్‌కంపాటిబిలిటీ మీద పరిశోధన చేస్తానంటోంది. జీనోమ్ ఎడిటింగ్ చేయమని మేమంటున్నాం. ఏది మేలు?

జవాబు: మీరు అడిగింది ఏది మేలని. లోపలున్నది మాత్రం, పువ్వులు చూసుకుంటూ కూర్చుంటే రేపు తన గతేమిటన్న భయం. ఈ టెన్షన్‌తో చాలామంది రాస్తారు. కానీ తనకు ఆ విషయం ఎందుకు నచ్చిందో ఒక్కసారైనా అడిగారా? ఉత్తరంలో ఆ ఊసే లేదు.

నేను చెబుతాను వినండి. చాలా పువ్వులు తమ పుప్పొడితో తాము గింజ కట్టవు. గుర్తుపట్టి ఆపేస్తాయి. సెల్ఫ్ ఇన్‌కంపాటిబిలిటీ అంటే ఇదే. ఆవ కుటుంబంలో పుప్పొడి రేణువు కీలాగ్రం (పువ్వు ఆడభాగం కొన) మీదే ఆగిపోతుంది. ఆపిల్‌లో రేణువు నుంచి పరాగనాళమనే సన్నని గొట్టం మొలిచి, కీలాగ్రం కింది కాడలోకి, అంటే కీలంలోకి, కొంత దిగాక, ఎస్-ఆర్‌ఎన్‌ఏజ్ అనే ఎంజైమ్ దాన్ని ఆపుతుంది. అందుకే తోటంతా ఒకే రకం ఆపిల్ వేస్తే పూత విరగబూసినా కాపు సరిగా నిలవదు. అదే సమయంలో పూసే మరో రకం పక్కన ఉండాలి. క్యాబేజీ హైబ్రిడ్ విత్తనాల తయారీలో ఈ గుణాన్నే వాడుకున్నారు, తన పుప్పొడి తనకే అంటకుండా పువ్వు పువ్వుకీ కేసరాలు తుంచే చాకిరీ తప్పింది. విత్తనాల వాళ్లకీ పండ్లతోటల వాళ్లకీ పనికొచ్చే విద్యేనండీ ఇది!

జీనోమ్ ఎడిటింగ్, అంటే జన్యువుల్లో కోరిన చోట మార్పు చేయడం, మంచి పనిముట్టే. నా అనుమానమల్లా పనిముట్టునే చదువనుకోవడం మీద. ఆ మార్పు చేసే సాధనాలుగా నిన్న జింక్ ఫింగర్లు, టాలెన్లు అన్నారు, 2012 తర్వాత అందరి నోటా క్రిస్పరే. రేపు ఇంకోటి. 2018లో డిప్లాయిడ్ (రెండు సెట్ల క్రోమోజోములున్న) బంగాళాదుంపలో ఎస్-ఆర్‌ఎన్‌ఏజ్ జన్యువును క్రిస్పర్‌తో చెడగొట్టి, తన పుప్పొడితో తానే గింజ కట్టేలా చేశారు. ఏ జన్యువు మీద చెయ్యి వేయాలో ఎలా తెలిసింది? పరాగనాళం ఎక్కడ ఆగుతోందో ఏళ్ల తరబడి మైక్రోస్కోప్‌లో చూసినవాళ్ల వల్ల. ఆ ప్రశ్న తెలియకుండా టూల్ మాత్రమే నేర్చుకుని వచ్చి, ఇప్పుడేం చేయాలని అడిగే పిల్లల్ని చాలామందిని చూశాను.

పీహెచ్‌డీకి ఏళ్లు పడుతుంది, అది దాచను. అంత ఓపిక లేకపోతే ఎమ్మెస్సీలో ప్లాంట్ బ్రీడింగ్ తీసుకోమనండి, ఎడిటింగ్ అక్కడా నేర్చుకోవచ్చు. అంతకంటే ముందు ఒక్క సీజన్ మొగ్గలకు సంచులు కట్టి, కేసరాలు తీసి, తన చేత్తో పుప్పొడి అద్ది, ఎన్ని గింజలు పడ్డాయో లెక్క రాయమనండి. విసుగొస్తే తనే చెబుతుంది. అప్పటిదాకా ఫీజు కట్టడానికి తొందరపడకండి.