నెట్‌లో కూర్చోబోయే అమ్మాయికి

చి. బుజ్జికి, పెదనాన్న ఆశీస్సులు.

హామ్ రేడియో లైసెన్సు చేతికొచ్చిందనీ, ఈ అక్టోబరులో తుఫాను నెట్‌లో, అదే తుఫాను వేళ రేడియోలో కబుర్లు చేరవేసే హామ్‌ల గుంపులో, కూర్చుంటానంటున్నావనీ మీ నాన్న ఫోన్లో చెప్పాడు. వాడు మురిసిపోతున్నాడు. నేనూ మురిశాను. ఆ వెంటనే ఏంటెనా ఎక్కడ కడుతోందని అడిగాను. మేడ మీద అన్నాడు. మీ మేడకి పడమటి పక్కనే కరెంటు స్తంభం ఉంది. అందుకే ఈ ఉత్తరం.

తీగ పొడవు, ఎత్తు తర్వాత. ముందు ఆ స్తంభం సంగతి. నువ్వు నిలబెట్టే గొట్టం గానీ, దానికి కట్టిన తీగ గానీ ఎటు పడినా కరెంటు లైనుకు పది అడుగుల ఎడం మిగలాలి. అంత చోటు లేకపోతే ఆ పక్క కట్టనే వద్దు, తూర్పు వైపు కొబ్బరిచెట్టుకి కట్టు. ఇంటికొచ్చే సర్వీసు వైరుకు తొడుగు ఉందిగా అనకు, ఎండకి అది ఎప్పుడో పగిలి ఉంటుంది. తుఫాను వెళ్లాక, కరెంటు ఎలాగూ లేదని కింద పడ్డ తీగల్ని పక్కకి లాగొద్దు. లైను ఎప్పుడు ఛార్జ్ చేస్తారో నీకు తెలీదు. పైగా పక్కింటివాళ్లు జనరేటర్ని నేరుగా ఇంటి వైరింగుకి తగిలిస్తే ఆ కరెంటు వెనక్కి లైన్లోకి ఎక్కుతుంది. ఉరుము వినపడగానే కోయాక్స్‌ని, అంటే ఏంటెనా నుంచి వచ్చే కేబుల్ని, రిగ్ (రేడియో సెట్టు) నుంచి విప్పి కిటికీ బయట పడెయ్యి. నెట్ నడిపే స్టేషన్, అదే నెట్ కంట్రోల్, పిలుస్తుంటే పిలవనీ. గాలి మొదలయ్యాక మేడెక్కావని తెలిసిందా, నీతో మాట్లాడను. తెగిన తీగ తెల్లారాక ముడేసుకోవచ్చు.

ఇక తీగ. 7.1 మెగాహెర్ట్జ్‌కి డైపోల్ (మధ్యలో కేబుల్ తగిలించే రెండు కాళ్ల తీగ ఏంటెనా) కాళ్లు ఒక్కోటి పది మీటర్లకు కాస్త పైన. పదిన్నర కోసి, ఎస్‌డబ్ల్యూఆర్ (ఏంటెనా రిగ్‌కి ఎంత కుదిరిందో చెప్పే అంకె) చూసుకుంటూ రెండు వైపులా సమానంగా కత్తిరించుకో. పొట్టిగా కోసిన తీగని పెంచడం తలనొప్పి. ఎత్తు గురించి బెంగ వద్దు. అయిదారు మీటర్ల ఎత్తున కట్టిన డైపోల్ సిగ్నల్ని నెత్తి మీదకి కొడుతుంది, అది పైనుంచి వంగి మూడు నాలుగు వందల కిలోమీటర్ల లోపల దిగుతుంది. మనకు కావలసిందీ అదే. నీ కబురు బెజవాడకీ విశాఖకీ చేరాలి గానీ బ్రెజిల్‌కి కాదు. రాత్రి పొద్దుపోయేకొద్దీ దగ్గర స్టేషన్లు 40 మీటర్ల బ్యాండు మీద, అంటే ఈ 7 మెగాహెర్ట్జ్ మీద, మాయమై దూరపువి మాత్రమే వినపడతాయి. రిగ్ పాడైందని కంగారుపడకు, 3.6 మెగాహెర్ట్జ్ దగ్గరికి దిగాలి. దానికి కాలు ఒక్కోటి ఇరవై మీటర్లు. ఆ రెండో డైపోల్ని ఇప్పుడే కోసి చుట్ట చుట్టి పెట్టుకో. చేతిలో హ్యాండీ (చేతి రేడియో) ఉందని ధీమా వద్దు. అయిదు వాట్లు ఊళ్లో కొన్ని కిలోమీటర్లే, మధ్యలో రిపీటర్ (విన్నదాన్ని తిరిగి ప్రసారం చేసే స్టేషన్) నిలబడి ఉంటేనే అంతకు మించి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ విశాఖ మీద పడ్డప్పుడు కరెంటూ సెల్‌ఫోన్లూ కలిసే పోయాయి. టవర్ మీదున్న దేన్నీ నమ్ముకోకుండా లెక్క వేసుకో.

బ్యాటరీ లెక్క చిన్నదే. నీ రెస్ట్రిక్టెడ్ గ్రేడు లైసెన్సుకి హెచ్‌ఎఫ్‌లో (ఈ 3, 7 మెగాహెర్ట్జ్‌ల లాంటి బ్యాండ్లలో) 50 వాట్లే హద్దు కాబట్టి రిగ్ మాట్లాడేటప్పుడు సుమారు 13 ఆంపియర్లు, వినేటప్పుడు ఒకటి తాగుతుంది. పదోవంతు సమయం మాట్లాడావనుకుంటే సగటున రెండుంపావు. పన్నెండు గంటలకి 27 ఆంపియర్ అవర్లు. లెడ్ యాసిడ్ బ్యాటరీని సగానికి మించి వాడకూడదు, అంటే 60 ఉంటే సరి. ఇంట్లో ఇన్వర్టరు కింద 150 ట్యూబులర్ ఉంది కదా, అదే వాడు. కాకపోతే ఇన్వర్టరు నుంచి పూర్తిగా విప్పు, దాని రొద రిసీవర్‌ని ముంచేస్తుంది. డిస్టిల్డ్ వాటర్ ఇప్పుడే చూసుకో. రిగ్ దాకా 6 స్క్వేర్ (చదరపు మిల్లీమీటర్ల) వైరు వెయ్యి. రెండు మీటర్ల దూరానికి ఒక స్క్వేర్ వైరు వేస్తే మైకు నొక్కినప్పుడల్లా 0.9 వోల్టు దారిలోనే పోతుంది. బ్యాటరీ కాస్త దిగేసరికి నీ గొంతు వణుకుతుంది, రిగ్ ఆరిపోతుంది, నువ్వేమో బ్యాటరీని తిడతావు. ఫ్యూజు బ్యాటరీ టెర్మినల్‌కి ఆనుకునే ఉండాలి.

నెట్ మర్యాదలు నీకు చెప్పక్కర్లేదు. ముందు విను, పిలిచినప్పుడే పలుకు, చెప్పకుండా లేచి వెళ్లకు. ఎన్ని కబుర్లున్నాయో, ఎక్కడికో, ఏ తరగతివో (ఎమర్జెన్సీయో, ప్రయారిటీయో) ఒక్క ముక్కలో చెప్పి ఊరుకో. కంట్రోల్ నిన్నూ ఇంకొకరినీ అయిదు కిలోహెర్ట్జ్ పైకి పంపితే అక్కడ పని ముగించి వెనక్కి వచ్చి వచ్చానని చెప్పు. అంతే.

అసలు రాయాలనుకున్నది ఇది. ఒక స్టేషన్ నుంచి ఇంకో స్టేషన్‌కి కబురు అందించే ఈ రిలే పుట్టినప్పటినుంచీ ఉన్న తప్పొకటుంది, తెలివైనవాళ్లే ఎక్కువ చేస్తారు. కబురుని అర్థం చేసుకుని తమ మాటల్లో చెప్పేస్తారు. నువ్వు తెలివైనదానివి. అందుకే నా భయం.

ఒక కబురు రాసి చూపిస్తాను. నంబరు 14, ప్రయారిటీ, పుట్టిన స్టేషన్ కాల్‌సైన్, చెక్ (కబురులో పదాల లెక్క) 16, ఊరు, సమయం 1540 ఐఎస్‌టీ, తేదీ, ఎవరికి, చివర సంతకం. మధ్యలో అసలు కబురు: "సైక్లోన్ షెల్టర్‌లో 60 మంది ఎక్స్‌రే తాగునీరు లేదు ఎక్స్‌రే ఇద్దరు గర్భిణులు ఎక్స్‌రే పడవ కావాలి ఎక్స్‌రే రోడ్డు తెగింది." వాక్యం ముగిసిన చోట ఎక్స్‌రే అనడం అమెరికా రేడియోగ్రామ్ పద్ధతి, దాన్నీ పదంగానే లెక్కపెడతారు. లెక్కపెట్టు, పదహారు.

మొదటి రిలే స్టేషన్ ఆపరేటరు మంచివాడు, సమయం ఆదా చేద్దామనుకున్నాడు. "షెల్టర్‌లో అరవై మందికి నీళ్లు లేవు, పడవ పంపాలట" అన్నాడు. గర్భిణులు పోయారు, రోడ్డు పోయింది. రెండో స్టేషన్‌కి ఉరుముల గరగరలో అరవై కాస్తా ఇరవై అయింది. ఇరవై మందికి పడవెందుకులే, నీళ్లు అందితే చాలన్నట్టుంది అనుకుని "ఇరవై మందికి నీళ్లు" అని రాసుకున్నాడు. మూడో స్టేషన్ 1910కి అందుకుంది కాబట్టి సమయం దగ్గర 1910 వేసింది. కలెక్టరేట్‌లో బల్ల మీద పడ్డ కాగితం ఏమంటోంది? రాత్రి ఏడూ పదికి ఇరవై మంది నీళ్లడిగారు. వాళ్లు ట్యాంకరు పంపుతారు. తెగిన రోడ్డు మీదకి. మధ్యాహ్నం మూడూనలభైకి అడిగిన పడవ సంగతి ఎవరికీ తెలీదు. ఇదే కబురు ఇంకో దారిన సరైన రూపంలో చేరిందనుకో, సమయమూ మనుషుల లెక్కా వేరయ్యాయి కాబట్టి అది ఇంకో షెల్టర్ అనుకుంటారు.

ఇందులో అబద్ధం చెప్పినవాడు లేడు, బద్ధకస్తుడూ లేడు. పోస్ట్‌మేన్ ఉత్తరం విప్పి మంచి తెలుగులో తిరగరాయడు కదా, వీళ్లు ఆ పని చేశారు. చెక్ అనే ఆ చిన్న అంకె ఉన్నది దీనికే. రెండో ఆపరేటరు పదాలు లెక్కపెట్టుకుని ఉంటే పదహారు రావు, రోజర్ (అందింది) అనే ముందే పట్టుబడేది. అందుకని ఒక్కో మాటా రాసుకో, లెక్కపెట్టు, కలిస్తేనే రోజర్. కలవకపోతే కబురంతా మళ్లీ చదవమనకు. "తాగునీరు తర్వాతి పదం" అని ఆ ముక్కే అడుగు. పంపినవాడి లెక్కే తప్పని ఇద్దరూ ఒప్పుకుంటే "16 బై 15" అని రెండంకెలూ ఉంచి ముందుకు పంపు, పాతది చెరపకు. నంబరు, సమయం, పుట్టిన స్టేషన్ ఎన్ని చేతులు మారినా మారవు. నువ్వు అందుకున్న సమయానికి చోటు నీ లాగ్‌బుక్. లాగ్ యూటీసీలో (ప్రపంచ ప్రామాణిక సమయంలో) రాస్తావేమో, కబురు మీద ఐఎస్‌టీ ఉంటుంది. అయిదున్నర గంటల తేడాని మనసులో కలపకు, పక్కన ఏది ఏదో రాసి పెట్టుకో. కబురులో నీకు తప్పని తోచినా అలాగే పంపు, అనుమానాన్ని పుట్టిన స్టేషన్‌కి వేరే కబురుగా రాయి.

అంకెల దగ్గర మన భాష పెట్టే చిక్కు నీకిప్పటికే కనపడి ఉంటుంది. ఇరవై, అరవై. ఆరు, నూరు. గరగరలో మొదటి అక్షరం పోయిందా, మిగిలేది ఒకే మాట. "ఫిగర్స్, సిక్స్ జీరో" అని విడివిడిగా చెప్పు. మధ్యలో ఒడియా ఆపరేటరో తమిళ ఆపరేటరో ఉండొచ్చు కాబట్టి దారిలో పెట్టే కబురు పొట్టి ఇంగ్లీషు మాటల్లో రాయించు, ఊళ్ల పేర్లు కీలో ఆస్కార్ టాంగో అంటూ అక్షరం అక్షరం చెప్పు. కోస్తా పొడుగునా పల్లెపాలేలూ కొత్తపాలేలూ ఎన్నున్నాయో! మండలం, జిల్లా లేని ఊరు ఊరు కాదు. జిల్లా అంటే ఇప్పటి జిల్లా. 2022 ఏప్రిల్‌లో 13 జిల్లాలు 26 అయ్యాయి. నా అట్లాసులో అమలాపురం ఇంకా తూర్పుగోదావరిలోనే ఉంది, ఆ కబురు ఇప్పుడు కోనసీమ కలెక్టరుకి వెళ్లాలి. నా పాత కాగితాలు నీకిస్తానని మీ నాన్నతో అన్నాను గానీ, ఆ జిల్లాల పట్టిక మాత్రం తీసుకోకు.

సంతకం లేని కబురు తీసుకోకు. మనకి మామూలు రోజుల్లో మూడో మనిషి కబురు మొయ్యడానికి అనుమతి లేదు. విపత్తులో మామూలు దారులు తెగిపోయినప్పుడు కలెక్టరులాంటి బాధ్యతగల అధికారుల కబుర్లు మొయ్యొచ్చు. అర్ధరాత్రి ఎవరో ఒక ఆఫీసరు నడుస్తూ నడుస్తూ "చెప్పెయ్యమ్మా, బోట్లు పంపమను" అంటారు. కసురుకుంటారేమోనని జంకకు. "సార్, ఒక్క ముక్క రాసి పేరూ హోదా వెయ్యండి" అని కాగితం ముందు పెట్టు. తడవని ప్యాడ్, కార్బన్, పెన్సిళ్లు నీ సంచిలో ఉండాలి, తడి కాగితం మీద బాల్‌పెన్ నడవదు. అర్థం కాని మాట ఉంటే అడగాల్సింది అప్పుడే. ఆయన వెళ్లిపోయాక నువ్వు ఊహించుకోకూడదు.

తరగతి కూడా ఆయన చెప్పాలి, కానీ ఎమర్జెన్సీ అంటే ప్రాణం మీదకొచ్చినదని నువ్వు గుర్తుచెయ్యాలి. ప్రతి కాగితం మీదా ఎమర్జెన్సీ పడితే ఆ మాటకి విలువుండదు. క్షేమసమాచారాలు వాటి తర్వాతే. అమెరికా నెట్లలో వీటికి నంబర్లేసిన తయారీ కబుర్లుంటాయి. "ఏఆర్‌ఎల్ వన్" అంటే ఇక్కడ అందరం క్షేమం, కంగారుపడొద్దు అని. మన ఊరివాళ్ల పిల్లలు అక్కడున్నారు, వాళ్లు అక్కడి హామ్‌ల ద్వారా అమ్మానాన్నల గురించి అడిగించే రోజు వస్తుంది. లోపలి నుంచి బయటికి వెళ్లేవాటికే ముందు దారి ఇవ్వు, బయటి ప్రశ్నలు ఆగగలవు. చనిపోయినవాళ్ల పేర్లు మాత్రం మైకులో చదవకు. మన మాటలు ఎవరైనా వినొచ్చు, సంకేతభాషలో దాచడానికీ వీల్లేదు. ఆ ఇంటివాళ్లే ఎక్కడో రేడియో దగ్గర కూర్చుని ఉండొచ్చు తల్లీ.

2004 డిసెంబరు 26న సునామీ వచ్చేటప్పటికి భారతీ ప్రసాద్ గారి బృందం పోర్ట్‌బ్లెయిర్‌లో వీయూ4ఆర్‌బీఐ కాల్‌సైన్‌తో డీఎక్స్ (దూరదేశాల హామ్‌లతో మాట్లాడటం) చేస్తోంది. ప్రపంచమంతా వాళ్ల కోసం క్యూ కట్టి ఉంది. అదంతా ఆపేసి అండమాన్ కబుర్లు మొయ్యడం మొదలుపెట్టారు. ఆవిడ పేరు నీ గదిలో రాసి పెట్టుకో, నేనేమీ అనను. కానీ ఆవిడకి ఆరోజు పనికొచ్చింది అప్పటికప్పుడు నేర్చుకున్నది కాదు. ఎన్నో ఏళ్లు మైకు ముందు కూర్చున్న అలవాటు. నీకింకా ఆ అలవాటు లేదు. ఈ సీజన్‌లో కంట్రోల్ కుర్చీ ఇస్తామన్నా వద్దను. పక్కన కూర్చుని లాగ్ రాయి. రాత్రి నాలుగు గంటలకోసారి మనిషి మారాలి. తిండి, నిద్ర మానేసి కూర్చున్నవాళ్లే అరవైని ఇరవై అని రాస్తారు. మీ అమ్మ పులిహోర కట్టిస్తుంది, సిగ్గుపడకుండా తీసుకెళ్లు.

వచ్చే ఆదివారం పొద్దున్న ఏడింటికి 7090 కిలోహెర్ట్జ్ దగ్గర నన్ను పిలువు. పాతిక పదాల కబురొకటి ఇస్తాను, రెండు ఊళ్ల పేర్లు, మూడు అంకెలు ఉంటాయి, చెక్ నేను కావాలనే తప్పు చెబుతాను. నీ కాగితం ఫోటో తీసి పంపు. కొట్టివేతలుంటే ఉండనీ, శుభ్రంగా తిరగరాసి పంపితే మాత్రం ఒప్పుకోను.

ఆశీస్సులతో,
పెదనాన్న