పంచాయతీకి డబ్బు కట్టామంటూ మా పొలంలోకి దిగొచ్చా?

ప్రశ్న: మాది నిజామాబాద్ జిల్లాలో ఒక పల్లె. మా ఊళ్లో 12 రోజులు సినిమా షూటింగ్ ఉంది. రెండు రోజుల కింద జనరేటర్ వ్యాన్లను మా వరి మడిలోంచి తిప్పారు. అడిగితే "సర్పంచ్‌తో మాట్లాడినం, పంచాయతీకి పైసలు కట్టినం" అంటున్నారు. ఇప్పుడు మా ఇంటి అరుగు, పెరడు వాడుకుంటామని ఇంగ్లిష్‌లో అగ్రిమెంట్ తెచ్చారు. ఇల్లు నాకూ మా తమ్ముడికీ ఉమ్మడిది. పంచాయతీ ఒప్పుకున్నాక మేం కాదనకూడదా?

జవాబు: కాదనవచ్చు. పంచాయతీ అనుమతి పంచాయతీ చేతిలో ఉన్న జాగాకే చెల్లుతుంది. మీ గట్టు దాటాలన్నా, మీ అరుగు మీద లైటు స్టాండు నిలబెట్టాలన్నా మీరు ఒప్పుకోవాలి. ఆ ఒప్పుకోలు మీ బదులు సర్పంచ్ ఇవ్వలేరు, ఎమ్మెల్యే ఇవ్వలేరు, ఫిలిం డెవలప్‌మెంట్ కార్పొరేషన్ ఉత్తరమూ ఇవ్వలేదు.

ఊరంతా పంచాయతీదే అనుకోవడం దగ్గరే సగం గొడవలు మొదలవుతాయి. ఊరి లోపలి వీధులు, పంచాయతీ భవనం, దాని అధీనంలో ఉన్న ఉమ్మడి జాగాలు పంచాయతీ చూసుకునేవి. చెరువులో షూటింగ్ అంటే నీటిపారుదల శాఖను అడగాలి. సర్కారు భూమికి తహసీల్దార్, బడికి విద్యాశాఖ, దేవాదాయ శాఖ కింద ఉన్న గుడికి ఆ శాఖ, పెద్ద రోడ్డుకు ఆర్ అండ్ బీ, పోలీసులు. అభయారణ్యంలోకి వెళ్లాలంటే 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం 28వ సెక్షన్ కింద చీఫ్ వైల్డ్‌లైఫ్ వార్డెన్ పర్మిట్ ఉండాలి. ఒక కాగితం చూపి అన్ని చోట్లా తిరుగుతామంటే కుదరదు.

పంచాయతీ ఇచ్చినదైనా కాగితం మీద ఉండాలి. కంపెనీ దరఖాస్తు, అందులో తేదీలు, వాడుకునే వీధులు, వాహనాల సంఖ్య, ఆపైన పంచాయతీ తీర్మానం, కార్యదర్శి ఇచ్చిన రసీదు. నోటిమాట అనుమతి కాదు. డబ్బు పంచాయతీ ఖాతాలోనే పడాలి. రాజ్యాంగం 243-హెచ్ అధికరణ ప్రకారం శాసనసభ చట్టంలో అప్పగించిన పన్నులు, రుసుములే పంచాయతీ వసూలు చేయగలదు. తోచినంత అడగడానికి లేదు. మీ వైపు ఊళ్లలో గ్రామాభివృద్ధి కమిటీ పేరుతో కూడా షూటింగుల దగ్గర వసూలు చేస్తుంటారు. 2018 పంచాయతీ రాజ్ చట్టం కింద ఎన్నికైన పాలకవర్గం వేరు, ఆ కమిటీ వేరు. కమిటీకి అనుమతి ఇచ్చే హక్కూ లేదు, కాదన్నవాళ్లకు జరిమానా వేసే హక్కూ లేదు. తీర్మానం, రసీదు నకళ్లు కావాలంటే కార్యదర్శికి సమాచార హక్కు దరఖాస్తు పెట్టండి. గ్రామస్థాయిలో దరఖాస్తు రుసుము లేదు, గడువు 30 రోజులు.

తీర్మానం ఉన్నా వీధిని అడ్డంగా మూసేయకూడదు. అంబులెన్సుకు, ట్రాక్టరుకు దారి వదలాలి. రాకపోకలు ఆపితే భారతీయ న్యాయ సంహిత 285 కింద 5,000 రూపాయల దాకా జరిమానా ఉంది. రాత్రి 10 నుంచి ఉదయం 6 దాకా ఆరుబయట లౌడ్‌స్పీకర్ పెట్టరాదు.

ఇక మీ మడి. దీన్ని వెంటనే చూడండి, మళ్లీ నీళ్లు పెట్టాక చక్రాల గుర్తులు పోతాయి. గుర్తుల పక్కన కొలకర్ర పెట్టి, వెనకాల మీ బోరో గట్టు మీది చెట్టో కనిపించేలా తేదీ పడే ఫోటోలు తీయండి. ఏఈఓను (వ్యవసాయ విస్తరణ అధికారిని) పిలిచి ఎన్ని గుంటలు దెబ్బతిన్నది, పైరు ఏ దశలో ఉన్నది రాయించండి. తెగిన గట్టు, పగిలిన బోరు పైపు ఉంటే విడిగా లెక్క వేయండి. పట్టాదారు పాస్‌బుక్ నకలు జతచేసి ప్రొడక్షన్ కంపెనీ చిరునామాకు రిజిస్టర్డ్ పోస్టులో నోటీసు పంపండి. మేనేజర్ చేతికిచ్చిన కాగితానికి రుజువు ఉండదు. కంపెనీ కదలకపోతే జిల్లా న్యాయ సేవాధికార సంస్థలో ప్రీ-లిటిగేషన్ (కేసు వేయకముందే రాజీ కోసం) దరఖాస్తు పెట్టండి, కోర్టు ఫీజు ఉండదు. అక్కడా కుదరకపోతే సివిల్ దావా. పొలంలోకి అక్రమంగా దిగినందుకు పరిహారం అడగడానికి గడువు 3 ఏళ్లు. వద్దన్నాక కూడా తెలిసి తొక్కించారంటే అది నేరం కూడా: నష్టం 20,000 నుంచి లక్ష లోపు ఉంటే న్యాయ సంహిత 324వ సెక్షన్ కింద రెండేళ్ల దాకా జైలు.

అగ్రిమెంట్ మీద మాత్రం అర్థం కాని భాషలో సంతకం పెట్టకండి. తెలుగు ప్రతి అడగండి, అది మీ హక్కుగానే అడగండి. ఉమ్మడి ఇల్లు కాబట్టి తమ్ముడి సంతకమూ ఉండాలి, లేకుంటే రేపు ఆయన వద్దంటే బాధ్యత మీ మీదికొస్తుంది. ఇలాంటి కాగితాల్లో తరచూ కనబడే వాక్యం: ఎవరైనా కేసు వేస్తే కంపెనీకి ఇంటి యజమానే నష్టం కట్టాలి. దాన్ని కొట్టేయించండి. "షూటింగ్ పూర్తయ్యేవరకు" అని ఉంటే తేదీలు వేయించండి; సెట్ వేసే రోజులు, పీకే రోజులు కూడా లెక్కలోకి రావాలి. తర్వాత ప్యాచ్‌వర్క్‌కు (మిగిలిపోయిన షాట్లు తీయడానికి) వస్తే మళ్లీ రోజువారీ అద్దె. సంతకం పెట్టే మేనేజర్ దగ్గర కంపెనీ ఇచ్చిన అధికార పత్రం ఉండాలి.

చాలామంది చూసుకోనిది కరెంటు. లైట్లకు జనరేటర్ తెచ్చినా, ఆర్ట్ విభాగం వాళ్లు డ్రిల్లింగ్ మిషన్‌కో ఫ్యాన్లకో మీ ప్లగ్గే వాడతారు. ఇంటి మీటరు నుంచి వ్యాపార పనికి వాడినట్టు తేలితే విద్యుత్ చట్టం 126 కింద రెట్టింపు రేటుతో బిల్లు వేసేది మీ సర్వీసు నంబరు మీదే. ఇంటి కరెంటు వాడరాదని అగ్రిమెంట్‌లో రాయించండి.

మీ పిల్లల్ని తెర మీద నిలబెడతామంటే కలెక్టర్ అనుమతి కంపెనీ తేవాలి; రోజుకు 5 గంటలకు మించి, విరామం లేకుండా 3 గంటలకు మించి పని చేయించకూడదు. ఎడ్లను అడిగితే జంతు సంక్షేమ బోర్డు అనుమతి ప్రతి చూపమనండి.

అడ్వాన్సు, డిపాజిట్ బ్యాంకు ద్వారానే తీసుకోండి. షూటింగ్‌కు ముందు గోడలు, తలుపులు, అరుగు వీడియో తీసి ఇద్దరూ సంతకం చేసిన జాబితా పెట్టుకోండి. ఆఖరి రోజు వాళ్ల సామాను లారీ ఎక్కకముందే ఆ జాబితా పట్టుకుని ఇల్లంతా కలిసి తిరగండి. కొట్టిన మేకులు, వేసిన రంగు సరిచేశాకే డిపాజిట్ వెనక్కి ఇవ్వండి.