ఎల్‌ఎల్‌ఆర్ (లెర్నర్ లైసెన్స్) వచ్చాక పర్మనెంట్ లైసెన్స్‌కి ఎప్పుడు అప్లై చేయాలి?

మన దేశంలో ఎల్‌ఎల్‌ఆర్ 6 నెలలు చెల్లుతుంది. అది వచ్చిన 30 రోజుల తర్వాతే డ్రైవింగ్ టెస్టుకు అర్హత. కాబట్టి నెల దాటగానే రవాణా శాఖ వెబ్‌సైట్‌లో ఫీజు కట్టి స్లాట్ బుక్ చేసుకోండి. చివరి వారం దాకా ఆగొద్దు, స్లాట్ దొరక్కపోతే గడువు దాటిపోతుంది, మళ్లీ ఎల్‌ఎల్‌ఆర్ నుంచే మొదలుపెట్టాలి.

టెస్టుకు ఏ రకం వాహనానికి అప్లై చేశారో ఆ వాహనంతోనే వెళ్లాలి. గేర్లు లేని స్కూటర్ మీద టెస్ట్ ఇస్తే ఆ లైసెన్స్‌తో గేర్ల బైక్ నడపకూడదు, చాలామంది గమనించని విషయమిది. ఒరిజినల్ ఎల్‌ఎల్‌ఆర్, ఆర్‌సీ, ఇన్సూరెన్స్, పొల్యూషన్ సర్టిఫికెట్ దగ్గర ఉంచుకోండి.

ఫెయిలైతే టెన్షన్ పడక్కర్లేదు, 7 రోజుల తర్వాత మళ్లీ టెస్టుకు వెళ్లొచ్చు.

లైసెన్స్ చేతికొచ్చేదాకా కారుకు ముందూ వెనకా తెల్లటి పలక మీద ఎర్ర ‘ఎల్’ అక్షరం ఉండాలి, పక్క సీట్లో లైసెన్స్ ఉన్నవాళ్లు కూర్చోవాలి. దయచేసి ఇది మాత్రం తేలిగ్గా తీసుకోకండి. బ్రేక్ వేయాల్సిన క్షణంలో కొత్తవాళ్లు తడబడతారు, అప్పుడు పక్కనున్న మనిషి మాటే ఆదుకుంటుంది.